మా ఇంట్లో ఎర్రభూతం

"సంధ్యవేళ ఇంట్లో ఈ దెయ్యమేమిట్రా?" అంది మా అమ్మ, దీపం పెట్టడానికి వెళ్తున్నదల్లా ఆగిపోయి.

ఆవిడ తప్పేం లేదు. హాల్లో కుట్టుమిషను పక్కనున్న పాత కంప్యూటరు తెరమీద ఎర్రగా ఒక ఆకారం ప్రత్యక్షమైంది. రెండు కొమ్ములు, ఒక తోక, చేతిలో మూడు మొనల శూలం. మా అబ్బాయి సరదాకి పెట్టిన బొమ్మ అది.

"దెయ్యం కాదమ్మా, నౌకరు. మనం పడుకున్నాక లేచి పనిచేసి పెడతాడు," అన్నాను.

"జీతమెంత?"

"జీతం లేదు."

"అయితే దెయ్యమే," అని తేల్చేసి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

పాఠకులు క్షమించాలి. పద్యాల గురించీ, పెళ్లిళ్ల గురించీ ముచ్చటించుకునే ఈ పేజీలో తెలుగు మేష్టరు కంప్యూటరు సంగతి ఎత్తుకోవడం వింతగానే ఉంటుంది. అయితే ఈ భూతం వల్ల మా ఇంటికి దక్కిందేమిటో, దక్కకుండా పోయిందేమిటో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు పేరు సంగతి. తెర వెనక ఉండి, ఎవరూ పిలవకుండా వేళకి లేచి పనిచేసే ప్రోగ్రాములను కంప్యూటరువాళ్లు 'డీమన్' లంటారు. 1960లలో అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్లు పెట్టిన పేరు. మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు తన సిద్ధాంతం కోసం ఊహించుకున్న ఒక బుల్లి భూతం వాళ్ల మనసులో ఉందట. గ్రీకులో ఆ మాటకు దేవుడికీ మనిషికీ మధ్య తిరిగే శక్తి అని అర్థం, మన యక్షుడనుకోండి. ఆ యక్షుడే బి.ఎస్.డి. అనే కంప్యూటరు వ్యవస్థకు గుర్తు అయి కూచున్నాడు. కాళ్లకు బూట్లు తొడిగి ముచ్చటగా ఆ బొమ్మ గీసినవాళ్లలో ఒకాయన, తరవాత 'టాయ్ స్టోరీ' సినిమా తీసిన జాన్ లాసెటర్. ఇదంతా అమ్మకు విప్పి చెప్పాను. "యక్షుడైతే మాత్రం కొమ్ములెందుకు?" అంది. దానికి నాదగ్గర జవాబు లేదు.

బి.ఎస్.డి. కథ కొంత మన ఇళ్లలో ఆస్తి తగాదాలాంటిది. బెల్ లాబరేటరీలో 1969లో యూనిక్సు అనే వ్యవస్థ పుట్టింది. దాన్ని పుట్టించినవాళ్లలో ఒకడైన కెన్ థాంప్సన్, 1975లో ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ బిల్ జాయ్ అనే విద్యార్థీ, అతని స్నేహితులూ దానికి మెరుగులు దిద్ది 1978నుంచి టేపులమీద ఎక్కించి తోటి విశ్వవిద్యాలయాలకు పంపసాగారు. 'బర్క్‌లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్' అన్న పేరు అలా వచ్చింది. 1983 నాటి కూర్పులో, కంప్యూటర్లు దూరాన్నుంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని అందులో కలిపారు. ఇవాళ్టి ఇంటర్నెట్టు నడిచేది ఆ పద్ధతిమీదే. ఇక 1992లో, యూనిక్సు హక్కులు తమవన్న కంపెనీ కోర్టుకెక్కింది. 1994లో రాజీ కుదిరేసరికి తేలిందేమిటయ్యా అంటే, సుమారు 18,000 ఫైళ్లలో తీసెయ్యవలసినవి 3; హక్కుదారు పేరు చేర్చవలసినవి ఓ 70. ఈలోగా ఫిన్లండు కుర్రవాడు 1991లో మొదలుపెట్టిన లినక్సు పీట వేసుకుని కూర్చుంది. దావా తేలేలోగా పంట పక్కవాడు కోసుకుపోవడమంటే ఇదే.

పోయిన పంట పోగా మిగిలిన చేను ముగ్గురు పంచుకున్నారు. ఫ్రీ బి.ఎస్.డి., నెట్ బి.ఎస్.డి. 1993లో వచ్చాయి. 1995లో నెట్ బి.ఎస్.డి.నుంచి ఓపెన్ బి.ఎస్.డి. వేరుపడింది. మేమెప్పుడూ వాడలేదే అనుకోకండి. వాట్సాప్ తొలి రోజుల్లో నడిచింది ఫ్రీ బి.ఎస్.డి. కంప్యూటర్లమీదే, 2012లో ఒక్క కంప్యూటరు ఇరవై లక్షల మందికి ఏకకాలంలో కబుర్లు అందించిందని వాళ్లే ప్రకటించారు. మా అబ్బాయి నెట్‌ఫ్లిక్సులో సినిమా చూస్తే, ఆ బొమ్మలు పంపే పెట్టెలోనూ ఇదే. ఆపిల్ కంప్యూటర్లలోనూ ఈ రక్తం కొంత ఉంది. బర్క్‌లీవాళ్ల షరతులు అంత తేలిక మరి: వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, మా పేరు మాత్రం చెరిపెయ్యకండి, చెడిపోతే మమ్మల్ని అడక్కండి. లినక్సువాళ్లది కాస్త పట్టింపు: మార్చి పదిమందికీ పంచితే ఆ మార్పులు కూడా అందరికీ చూపించాలంటారు. ఏది ధర్మమన్నదానిమీద ఈ ఇద్దరికీ ముప్ఫయ్యేళ్లుగా వాదం నడుస్తోంది. నామట్టుకు నాకు లినక్సువాళ్ల మాటే న్యాయంగా తోస్తుంది. అయినా ఇంట్లో పెట్టుకున్నది మాత్రం ఫ్రీ బి.ఎస్.డి.ని.

ఎందుకంటారా? మా ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి. అక్కడ బొమ్మలు చేసే ఇళ్లలో పొణికి చెక్క చెక్కేదీ, చింతగింజల పొడితో మక్కు పెట్టేదీ, రంగు వేసేదీ అంతా ఆ ఇంటివాళ్లే. ఫ్రీ బి.ఎస్.డి. అలాంటిది. లోపలి యంత్రాంగమూ, పైన మనం వాడే ముఖ్యమైన ఆజ్ఞలూ, వాటిని వివరించే పుస్తకమూ ఒకే ఇంటి పని. లినక్సులో యంత్రాంగం ఒకరిది, ఆజ్ఞలు ఇంకొకరివి, మూటకట్టి ఇచ్చేది మూడోవారు. మూడూ మంచివే కావచ్చు, అతుకు ఎక్కడుందో కొత్తవాడికి తెలియదు. దీనికి 'హాండ్‌బుక్' అని ఒక గ్రంథం ఉంది. నేను చదివిన కంప్యూటరు పుస్తకాలలో, వాక్యం మొదలుపెట్టినచోట మరిచిపోకుండా వాక్యం ముగించింది అదొక్కటే. తెలుగు మేష్టరు ఇచ్చే యోగ్యతాపత్రం ఇంతకంటె ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. మా నాన్నగారు దివిసీమలో ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, ఎక్కడో ఆయన చేతికి చిక్కింది. అది మొదలు ఆయనకు మాటల పిచ్చి పట్టుకుంది. పాలేర్లనీ, కాలువ పడవల సరంగులనీ, వలలు అల్లేవాళ్లనీ అరుగుమీద కూచోబెట్టుకుని మాటలు రాసుకునేవారు. రాసిన మొదటి రెండు పుస్తకాలూ 1977 నవంబరు 19 ఉప్పెనలో కొట్టుకుపోయాయి. వేలమంది మనుషులే పోయిన రాత్రి అది. తన పుస్తకాలు పోయాయని ఆయన ఏనాడూ నోరు విడిచి అనలేదు. మళ్లీ ఒకటోనెంబరు వేసి మొదలుపెట్టారు. 2019లో ఆయన పోయేనాటికి పదకొండు నోటుపుస్తకాలు తేలాయి. పెద్దకూతుర్ని నేనని మా అక్కయ్య వాటిని విజయవాడ సింగ్ నగర్‌లో తన ఇంటికి పట్టుకుపోయింది.

కాపీ తీసి పెడతానని నేనన్నాను. ఒక పుస్తకం తెచ్చుకుని, పేజీ పేజీకీ ఫోటో తీసి, తిరిగి ఇచ్చి, రెండోది తెచ్చుకోవాలి. రెండు ఒక్కసారి ఇవ్వదు మా అక్కయ్య. "నీ చేతిలో ఏ వస్తువు నిలిచింది గనక?" అంటుంది. ఆ మాటా నిజమే. 2020లో మా అబ్బాయి చిన్నప్పటి ఫోటోలన్నీ ఉన్న చేతి డిస్కు ఒకటి నా చేతిలోంచి జారి కిందపడి, మళ్లీ లేవలేదు.

ఆ డిస్కు పోయాకనే ఈ భూతం వచ్చింది. 2021 వేసవిలో, పారెయ్యబోయిన కంప్యూటరు ఒకటి దొరికితే, టెరాబైటు డిస్కులు రెండు కొని బిగించాం. పెన్‌డ్రైవులోంచి ఫ్రీ బి.ఎస్.డి.ని ఎక్కించడం అరగంట పని. అది అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పుకుపోవడమే. డిస్కుల దగ్గర 'జెడ్.ఎఫ్.ఎస్.' అన్నది ఎంచి, 'మిర్రర్' అని చెప్పాలి, అంటే ఒకదానికొకటి అద్దం అని. ఒక్క జాగ్రత్త: డిస్కులో అంతకుముందున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. చూసుకుని మరీ నొక్కండి.

జెడ్.ఎఫ్.ఎస్. అన్నది ఫైళ్లు దాచే పద్ధతి. బిల్ జాయ్ 1982లో మరి ముగ్గురితో కలిసి పెట్టిన సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో ఇది తయారైంది. 2007లో ఫ్రీ బి.ఎస్.డి.కి చేరింది, అల్లుడు అత్తారింటికి వచ్చినట్టు. అది చేసే పని మా అబ్బాయి మూడుసార్లు చెప్పినా నాకు బోధపడలేదు. నాలుగోసారి వాడు చెప్తూండగా, ఇది మన ఛందస్సు కదా అని తట్టింది.

తాళపత్రాలు పరిష్కరించిన పండితులు లేఖకుడి తప్పు ఎలా పట్టేవారు? సీసపాదంలో గణం ఒకటి తగ్గితేనో, ఉత్పలమాలలో యతి కుదరకపోతేనో, అక్కడేదో అక్షరం జారిందని తెలిసిపోయేది. వచనానికి ఆ కాపలా లేదు. మామూలు డిస్కు వచనంలాంటిది. లోపల ఒక అక్షరం మారినా ఆ సంగతి ఎవరికీ తెలియదు. మారిన అక్షరాన్నే నమ్మకంగా చదివి ఇస్తుంది. జెడ్.ఎఫ్.ఎస్. దాచే ప్రతి ముక్కకూ ఒక లెక్క కట్టి, ఆ లెక్కను వేరేచోట రాసి పెడుతుంది. చదివేటప్పుడు మళ్లీ లెక్క కట్టి చూస్తుంది. పొసగకపోతే గణభంగమే. మరి సరైన పాఠం ఎక్కణ్నుంచి తేవడం? సి.పి. బ్రౌను దొర కడపలో కూర్చుని ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పండితులచేత పక్కపక్కన పెట్టించి సరిచూపించాడు కదా. ఇక్కడ రెండో డిస్కు రెండో ప్రతి. దానిలోంచి సరైన ముక్క తీసి, చెడినచోట తిరిగి రాసేస్తుంది. నెలకోసారి ఈ సరిచూత మొత్తం జరిపించే ఆజ్ఞ ఉంది, 'స్క్రబ్' అంటారు. అంట్లు తోమడమే.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లోనే నార్ల తాతారావుగారి పేరుమీద థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1979నుంచి రాష్ట్రానికి వెలుగులు పంచుతోంది. దీపం కింద చీకటి అన్నారు పెద్దలు. గాలివాన వస్తే మాకూ కరెంటు పోతుంది. రాస్తూండగా కరెంటు పోతే మామూలు డిస్కులో సగం కొత్త, సగం పాత అయి కూచుంటుంది. జెడ్.ఎఫ్.ఎస్. పాత గీతను చెరపదు. వేరేచోట కొత్తది పూర్తిగా రాసి, అప్పుడు గుర్తు మార్చుకుంటుంది. మధ్యలో దీపం ఆరితే పాతది పాతగానే ఉంటుంది. చెరపదు కాబట్టే, రోజూ రాత్రి పదకొండు గంటలకు ఉన్నది ఉన్నట్టుగా ఒక 'స్నాప్‌షాట్' తీసి పెట్టుకోవడం కూడా దానికి చిటికెలో పని. 2023లో నేను మూడో పుస్తకం ఫోటోలన్నీ రెండో కాపీ అనుకుని చేజేతులా చెరిపేశాను. మర్నాడు మధ్యాహ్నానికి గాని తెలియలేదు. ముందు రాత్రి స్నాప్‌షాటులో భద్రంగా ఉన్నాయి. ఆ సంగతి అక్కయ్యకు ఇంతవరకూ చెప్పలేదు.

ఇన్ని సుగుణాలుంటే ఊరంతా ఎందుకు వాడదని మీరడగవచ్చు. ఇది సినిమాలు చూసుకోవడానికీ, ఆటలకీ పెట్టుకునే వస్తువు కాదు. మా పెట్టెలో ఉన్న వైఫై కార్డును గుర్తుపట్టనే లేదు. వారం రోజులు అవస్థపడి, చివరికి గోడ వెంబడి తీగ లాగాను. నల్లటి తెరమీద తెలుగు ఒత్తులు కుదురుగా నిలబడవు. అయినా మేము ఫైళ్లు చూసుకునేది ఫోన్లలోంచీ, వేరే కంప్యూటర్లోంచీ గనక అక్కడ తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఇంట్లో మరీ పాత, 32 బిట్ల కంప్యూటరుంటే ఫ్రీ బి.ఎస్.డి. జోలికి పోకండి, 2025 డిసెంబరులో వచ్చిన 15వ కూర్పునుంచి వాటిని వదిలేశారు. నెట్ బి.ఎస్.డి.ని అడగండి, అది ఎంత ముసలిదాన్నైనా ఆదరిస్తుంది. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న కరెంటు బిల్లు. 40 వాట్ల చొప్పున రాత్రింబగళ్లు నడిస్తే నెలకు 29 యూనిట్లు. "ఫాను ఖర్చన్నమాట," అని మూడేళ్లపాటు ఆ ఊసెత్తలేదు.

2024 ఆగస్టు నెలాఖరుకు ఏడు పుస్తకాలు ఎక్కాయి. ఎనిమిదోదానికి వినాయకచవితికి వస్తానన్నాను.

ఆగస్టు 31 శనివారం వాన పట్టుకుంది. మర్నాడు, సెప్టెంబరు 1 ఆదివారం, బుడమేరు విజయవాడమీద పడింది. ప్రకాశం బరాజు దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి వస్తున్నాయని ఒక పక్క వార్తలు. సింగ్ నగర్‌లో నడుంలోతు, పీకలోతు. అక్కయ్యా బావగారూ పక్కింటివాళ్ల మేడమీదికి చేరుకున్నారు. సాయంత్రానికి ఆవిడ ఫోను మూగబోయింది. మా ఇల్లు మెరకమీద ఉండబట్టి నీళ్లు రాలేదు గాని కరెంటు పోయింది. కంప్యూటరు కింద పెట్టిన బాటరీ ఇరవై నిమిషాలు లాక్కొచ్చి చేతులెత్తేసింది. సరిగ్గా అప్పుడు నెలవారీ అంట్లతోముడు నడుస్తోంది. ఆ రాత్రి నాకు కంప్యూటరు ధ్యాస లేదు. అక్కయ్య మూడో రోజున పడవలో బయటికొచ్చిందని తెలిసేదాకా ఇంట్లో ఎవ్వరం సరిగ్గా అన్నం తినలేదు.

నీళ్లు తీశాక వెళ్లాను. పుస్తకాలు మంచం కింద రేకు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తీస్తే నీళ్లు కారాయి. నాన్నగారికి ఇంకుపెన్నంటే ప్రాణం. బాల్‌పెన్నుతో రాసిన అక్షరానికి వెన్నెముక ఉండదనేవారు. పది పుస్తకాల్లోనూ నీలి మరకలే మిగిలాయి. చివరి రోజుల్లో చెయ్యి వణికి బాల్‌పెన్నుతో రాసిన పదకొండోదాంట్లో సగం పేజీలు చదవడానికి వస్తున్నాయి. అక్కయ్య వరండాలో కూచుని ఒక్కొక్క కాగితమూ విడదీసి ఆరబెడుతోంది.

"ఎన్ని ఎక్కించావు?" అంది తలెత్తకుండా.

"ఏడు."

రెండు ఒక్కసారి ఇవ్వనన్నది తనేనని ఆవిడ అనలేదు. మూడేళ్లలో ఏడేనా అని నన్నూ అనలేదు.

ఇంటికొచ్చి, కరెంటు రాగానే భూతాన్ని లేపాను. కొమ్ములు కనబడ్డాయి, లేచింది. 'జెడ్‌పూల్ స్టేటస్' అని అడిగితే, ఆగిపోయిన సరిచూతను ఎక్కడ వదిలిందో అక్కణ్నుంచి మళ్లీ ఎత్తుకుంటున్నానంది. రెండు గంటల తరవాత చివరి వాక్యం వేసింది. తెలుగులో చెప్పాలంటే, 'తెలిసినంతలో తప్పులు లేవు' అని. తప్పుల్లేవని అనదు, తెలిసినంతలో అంటుంది. వ్యాకరణం తెలిసినవాళ్లెవరో రాశారా వాక్యం. ఏడు పుస్తకాలూ, వెయ్యి పైచిలుకు పేజీలూ ఒక్కొక్కటే తెరిచి చూశాను. మేడి, కర్రు, నొగ, కాడి, పలుపు... నాన్నగారి అక్షరాలు వెన్నెముకతో సహా ఉన్నాయి.

అయితే తొమ్మిదోది పడవల పుస్తకం. అది లేదు.

నా ఇంట్లో అద్దం పెట్టుకున్న డిస్కులు రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయని, బుడమేరు కాస్త ఇటు తిరిగి ఉంటే రెండూ కలిసే మునిగేవని ఆ రాత్రి గాని నాకు బుర్రకెక్కలేదు. ఆ దసరాకి హైదరాబాదులో మా తమ్ముడింట్లో రెండో పెట్టె పెట్టించాం. స్నాప్‌షాటు తీయగానే, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారిన ముక్కలు మాత్రమే తాళం వేసిన దారిలో అక్కడికి వెళ్తాయి. ఆ దారి పేరు 'ఎస్.ఎస్.హెచ్.'. ప్రపంచమంతా వాడే దాని ప్రతి 1999లో ఓపెన్ బి.ఎస్.డి.వాళ్లు చేసిపెట్టిందే. ఆయుధపూజనాడు రెండు పెట్టెలకూ బొట్టు పెట్టింది అమ్మే.

ఇప్పుడు ప్రతి ఆదివారం అక్కయ్య మా ఇంటికొస్తుంది. అమ్మ పుట్టిల్లు కాలువగట్టు. ఆవిడ మేనమామ సరంగు. సరంగులు నాన్నగారికి చెప్పిన మాటలు వంటింట్లో ఉండి ఆవిడ విన్నవే. గూటిపడవ, చుక్కాని, తెరచాప, గడ అంటూ తెలిసినవాటితో మొదలుపెట్టి, కాఫీ చల్లారేసరికి మాకు తెలియని మాట ఒకటి పైకి తెస్తుంది. "రాసుకోమను నీ దెయ్యాన్ని," అంటుంది.

మొదటి ఆదివారం ఆ మాటలకని ఒక ఫోల్డరు తెరిచి పేరు పెట్టబోయాను: 'దివిసీమ కాలువ పడవల మీద నాన్నగారు సేకరించగా వరదలో పోయిన మాటలు అమ్మ జ్ఞాపకం నుంచి తిరిగి రాసినవి'. భూతం ఒప్పుకోలేదు, పేరు మరీ పొడుగంది. విచారిస్తే పేరుకు 255 బైట్లే హద్దట. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో బైటు. మన లిపిలో అచ్చుకీ, హల్లుకీ, గుణింతానికీ, పొల్లుకీ దేనికదే మూడేసి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి 18 అవుతాయి. నేను పెట్టిన పేరు లెక్క కట్టి చూస్తే 256. ఒక్క బైటు ఎక్కువైంది.

"'పడవ మాటలు' అని పెట్టరా, చాలు," అంది అమ్మ.

నిన్నటికి అందులో నలభై మూడు మాటలున్నాయి. తొమ్మిదో పుస్తకంలో ఆరువందల పైన ఉండేవని అక్కయ్య అంటోంది.